అలవాటు ఉంది

కావడి మీద బియ్యపు సేమ్యా అమ్ముకునే యేత్ అవ్వ చెప్పిందట. ఆవిడకు బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టేవాడి పెళ్ళాం చెప్పిందట. ఆమె మొగుడు చేతిట్రాక్టరు తోలేవాడి నోట విన్నాడట. సారెత్ ఒంట్లో ఉన్నది ఇక మామూలు రక్తం కాదట. నాంపెన్‌లో పెద్ద మిషన్లో పెట్టి చూసి, ముద్ర కొట్టి మరీ పంపారట. అడవిలో ఏ దోమ కుట్టినా దోమే చావాలి గాని సారెత్‌కు వెంట్రుక కూడా కదలదట.

ఇన్ని నోళ్ళు తిరిగిన ఆ కబురు నారోమ్ చెవిన పడేసరికి ఆమె వాకిట్లో కర్రపెండలం ముక్కలు ఎండబోస్తోంది. మోసుకొచ్చింది పక్కింటి థావీ. చెప్పడం అయ్యాక తనే ఒక చెక్కపలక అందుకుని ముక్కలు నెరపడం మొదలుపెట్టింది.

"అదృష్టమంటే మీ తమ్ముడిదే అక్కా. మా ఆయనదీ ఓ చుక్క తీసి పంపరాదూ? ఆయనా అన్నిటికీ అలవాటు పడ్డ మనిషే. సారాకి పడ్డాడు, పేకాటకి పడ్డాడు, నా తిట్లకి ఎప్పుడో పడ్డాడు. ఆ ఒక్క మాత్రకే ఎందుకు పడలేదో!"

నారోమ్ నవ్వలేదు. చేతిలో ముక్కలు చేతిలోనే ఉన్నాయి.

"ఎవరే ఇదంతా పుట్టించింది?"

థావీ వింతగా చూసింది. "పుట్టించేదేముందక్కా? చదివింది నువ్వే కదా."

స్వాయ్ లూ ఊరికి మలేరియా మనిషి నారోమే. తొమ్మిదేళ్ళుగా ఆమె ఇంటి నిట్టాడికి దోమ బొమ్మ ఉన్న రేకు వేలాడుతోంది. పైన, గుంజల మీద నిలిచిన ఇంట్లో, తేమ తగలకుండా, ఒక డబ్బా. అందులో రక్తపరీక్ష కిట్లు, సూదులు, మూడు రోజుల మాత్రల అట్టలు, ఒక రిజిస్టరు. అడవికి వెళ్ళేవాళ్ళూ అడవి నుంచి వచ్చేవాళ్ళూ ఒళ్ళు వణికితే ముందు ఎక్కేది ఆమె ఇంటి నిచ్చెనే. సూది గుచ్చుతుంది, చూస్తుంది, తన కళ్ళముందే మాత్రలు మింగిస్తుంది.

ఎండాకాలంలో రాజధాని నాంపెన్ నుంచి ఒక బృందం వచ్చింది. జ్వరం ఉన్న పదకొండు మందికి మొదటి రోజు వేలి నుంచి రక్తం తీసి మందమైన తెల్లకాగితం మీద చుక్కలు పెట్టి ఆరబెట్టారు. మూడో రోజు మళ్ళీ తీశారు. మందు సరిగ్గా పనిచేస్తే మూడో రోజుకు రక్తం శుభ్రపడాలి. నలుగురికి పడలేదు. ఆ నలుగురిలో సారెత్ ఒకడు. కాగితాలు నాంపెన్ వెళ్ళాయి. వానలు పట్టాక ఫలితం తిరిగి వచ్చింది.

విహారం పక్కన సావడిలో ఊరిని కూర్చోబెట్టారు. ఊరిపెద్ద కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి కాగితం నారోమ్‌కిచ్చాడు. దోమతెరల జాబితా చదివిన గొంతుతోనే ఆమె చదివింది.

"సారెత్. ముప్పై నాలుగేళ్ళు. మందు అలవాటు: ఉంది."

"అది తెలుసుకోడానికి నాంపెన్ దాకా పోవాలా? రోజూ సాయంత్రం చూస్తున్నాంగా!" అన్నారెవరో. సావడి గొల్లుమంది.

నవ్వులు ఆగాక ఊరిపెద్ద గొంతు సవరించుకున్నాడు. "ఆ మందు కాదురా సన్నాసీ, ఇది జ్వరం మందు. మనవాడి రక్తం అలవాటు పడిపోయిందని డాక్టర్లు రాశారు" అని చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాక ఊరంతా కొట్టింది.

ఆ ఊళ్ళో అలవాటు పడ్డ మనిషి అంటే మామూలు మాట కాదు. మైదానం నుంచి పనికొచ్చినవాళ్ళు ఒక్క వానాకాలంలో వణికి వణికి పోతారు. పదేళ్ళు అడవి తిరిగి, జ్వరాలన్నీ తిని కూడా లేచి నిలబడ్డవాణ్ణి మాత్రమే అలవాటు పడ్డవాడంటారు. అలాంటివాడికి భోజనాల దగ్గర ముందు వడ్డిస్తారు, పిల్లనివ్వడానికి వెనకాడరు.

కాగితం పైన, గడుల నెత్తిన, సన్నక్షరాలతో "పరాన్నజీవికి" అని ఉంది. అలవాటు పడింది రక్తంలోని పురుగు. జాబితా చదివేటప్పుడు గడి పేరు ఎవరు చదువుతారు? నారోమ్ చదవలేదు. చప్పట్లు మోగాక చదవబోయింది. ఈలోగా సారెత్ లేచి నిలబడి, చేతులు జోడించి, నాలుగు వైపులా తిరిగి దండాలు పెట్టాడు. అమ్మానాన్నా పోయాక తన వీపున కట్టుకుని పెంచిన తమ్ముడు. చిన్నప్పటి నుంచి ఊరికి వాడంటే ఎగతాళే. నత్తివాడని, చేపలు పట్టడం చేతకానివాడని. ఆ రోజు ఊరు వాడికి చప్పట్లు కొట్టింది. నారోమ్ నవ్వింది. తర్వాత చెబుదాంలే అనుకుంది. ఇంతలో పెద్ద వాన వచ్చి అందరూ తలల మీద తువ్వాళ్ళు కప్పుకుని పరిగెత్తారు.

తర్వాత చెప్పింది కూడా. సారెత్‌కు చెప్పింది, మరదలు ఫల్లాకు చెప్పింది. సారెత్ "సరేలే అక్కా" అన్నాడు. ఊరికి మాత్రం చెప్పలేదు. ఊరికి చెప్పాలంటే వాణ్ణి మళ్ళీ పాత సారెత్‌ను చెయ్యాలి.

ఇప్పుడు థావీ అసలు సంగతి చివర్లో పెట్టింది. "మేస్త్రీ హూత్ ఎల్లుండి అగరు లోయకి మనుషుల్ని తీసుకుపోతున్నాడు. మీ వాడే ముందు మనిషంట."

గార్డుల కళ్ళు కప్పి అగరు చెట్లు కొట్టే ఆ లోయ మూడు కొండలకవతల. పోయినేడు ఇద్దరు మైదానంవాళ్ళు అక్కణ్ణుంచి ఊయలగుడ్డల్లో శవాలై తిరిగి వచ్చారు.

నారోమ్ చేతిలో ముక్కలు అవతల పడేసి బయల్దేరింది.

హూత్ మేస్త్రీ తన ఇంటి కింద రంపాలకు పదును పెట్టిస్తున్నాడు. నారోమ్‌ను చూడగానే నోరంతా నవ్వుచేసుకున్నాడు.

"రండి రండి, డాక్టరుగారూ! మీకే కబురు పెడదామనుకుంటున్నా. నా దగ్గర ఇంకో ముగ్గురున్నారు. వాళ్ళనీ ఓసారి గుచ్చి చూడండి, ఎవరు అలవాటు పడ్డారో. అలవాటు లేనివాణ్ణి తీసుకెళ్తే వాడూ చస్తాడు, వాణ్ణి మొయ్యడానికి నావి రెండు భుజాలు పోతాయి."

"సారెత్‌ను తీసుకెళ్ళకు హూత్. వాడికి సాయంత్రాలు ఒళ్ళు కాలుతోంది. మందు మొదలెట్టిన ఇరవై ఎనిమిదో రోజు మళ్ళీ పరీక్షకు రావాల్సినవాడు రాలేదు. ఫల్లా చెప్పింది, దుప్పటి కప్పుకుని మూల కూర్చుంటున్నాడంట."

"నాంపెన్ వాళ్ళకంటే ఫల్లాకి ఎక్కువ తెలుసా?" అని హూత్ గోడకున్న సంచిలోంచి ఒక కాగితం తీశాడు. జెరాక్సు. పైన ప్లాస్టిక్ తొడుగు. "టౌన్లో నాలుగు తీయించా. చూశారా, ముద్ర కూడా పడింది."

"అందులో రాసింది నా తమ్ముడి సంగతి కాదయ్యా. వాడి రక్తంలో ఉన్న పురుగు సంగతి. మందు దానికి అలవాటైపోయింది. మందేసినా చావదు. అంటే వీడికి జబ్బు ఎక్కువని గాని తక్కువని కాదు."

హూత్ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పట్టుకుని చూశాడు. "పేరు ఎవరిది? సారెత్‌ది. వయసు ఎవరిది? సారెత్‌దే. పురుక్కి ముప్పై నాలుగేళ్ళుంటాయా? ఎద్దు పేరు రాసి జోరీగ సంగతి చెబుతారా ఎక్కడైనా?"

రంపాలవాళ్ళు పడీపడీ నవ్వారు.

"పైన రాసుంది. సన్నక్షరాలతో."

"ఆ సన్నక్షరాలు ఆ రోజు కనబడలేదేం మీకు?" అన్నాడు హూత్. కోపంగా కాదు, సరదాగానే. "ఊరంతా విన్నాం. మీరూ నవ్వారు. ఇప్పుడు పని దొరికేసరికి మీకెందుకక్కా కడుపుమంట? పోనీ నేనేం వాణ్ణి కట్టేసి ఈడ్చుకుపోతున్నానా? వాడే అడిగాడు."

మర్నాడు పొద్దున రస్మెయ్ వచ్చింది. ఎండాకాలం బృందంలో వచ్చిన లాబ్ పిల్లే. మోటారుసైకిల్ వెనక ఐసుపెట్టె, మోకాళ్ళ దాకా బురద. ఆ నలుగురినీ మళ్ళీ పరీక్ష చెయ్యాలని పంపారట. నలుగురిలో ఒకడు సిపాయి, ఎక్కడికో బదిలీ అయ్యాడు. ఒక ముసలామె కూతురింటికి వెళ్ళింది. ఇంకొకడి జాడ లేదు. మిగిలింది సారెత్.

"అమ్మాయ్" అంది నారోమ్, ఆ పిల్లకు కాళ్ళు కడుక్కోను నీళ్ళిచ్చి, "చదువుకున్నవాళ్ళకి చెప్పినట్టు వద్దు. మావాళ్ళకి నేను తిరిగి చెప్పుకునేట్టు చెప్పు. ఆ పురుక్కి ఏమైంది?"

రస్మెయ్ రిజిస్టరు వెనక అట్ట మీద ఒక పొడుగాటి గీత గీసింది. "పురుగు లోపల ఇలాంటి పోగు ఒకటుంటుంది పిన్నీ. దాన్నిండా అక్షరాల్లాంటి గుర్తులే. ఎప్పుడు తినాలి, ఎప్పుడు పెరగాలి, అన్నీ అందులోనే. సారెత్ గారి పురుగులో ఒకచోట ఒక్క అక్షరం మారింది."

"ఒక్కటేనా?"

"ఒక్కటే. మామూలు పురుగైతే రక్తంలో మేత మేస్తూ ఉండగా మందు తగిలి చస్తుంది. ఇది పసిదశలోనే, ఇంకా సన్న ఉంగరంలా ఉన్నప్పుడే, మేత మానేసి ముడుచుకుని పడుకుంటుంది. మన మాత్రలో మొదటి మందు మహా చురుకైంది గానీ పూట తిరిగేసరికి ఒంట్లోంచి పోతుంది. అది పోయాక ఇది లేస్తుంది."

"అటవీ గార్డుల జీపు చప్పుడైతే మనవాళ్ళు దుంగల చాటున పడుకున్నట్టు."

రస్మెయ్ నవ్వింది. "అచ్చంగా అంతే. కాకపోతే మనవాళ్ళు నేర్చుకుని పడుకుంటారు. ఇది నేర్చుకోలా. అలా పుట్టిందంతే. పడుకోని రకాన్నంతా మన మందే చంపేసింది. పడుకునే రకం మిగిలి పిల్లల్ని పెట్టింది."

"మరి రెండో మందో? తోడుమందు అంటారుగా, వారాల తరబడి ఉంటుందని?"

"దానికి ఇంకో ఉపాయం. పోగులో ఒక తునక ఒకటే ఉండాలి. ఈ పురుగులో ఆ తునక రెండు మూడు నకళ్ళుంది. ఒకడు చేసే పనికి ముగ్గురు నిలబడితే మందు ఎంతమందిని ఆపుతుంది?"

నారోమ్‌కు హూత్ తీయించిన జెరాక్సులు గుర్తొచ్చాయి. ఇంకా వెనకటి రోజులూ గుర్తొచ్చాయి. సరుకు రాని వానాకాలాల్లో, మూడు రోజుల అట్టను మధ్యకు కత్తిరించి అన్నదమ్ములిద్దరికి చెరి సగం ఇచ్చిన రోజులు. ఇద్దరికీ జ్వరం దిగింది. వాళ్ళమ్మ అరటిగెల తెచ్చి ఇంటి ముందు దింపింది. ఎంత మంచిపని చేశానో అనుకుని ఆ పూట కడుపునిండా తింది.

"ఈ అలవాటు అన్న మాట ఎవరు పెట్టారమ్మా?"

"పుస్తకాల్లో అదే ఉంది పిన్నీ."

"మా ఊళ్ళో ఆ మాట బతికి బట్టకట్టిన మనుషులకి వాడతాం."

రస్మెయ్ కలం కింద పెట్టింది. రిజిస్టరు మూసింది.

సారెత్ వచ్చాడు. మెడలో తువ్వాలు, ముఖాన పసుపుపచ్చ. అడక్కముందే వేలు చాచాడు. కిట్ మీద, జబ్బుందని చెప్పే రెండో గీత చూస్తూండగానే తేలింది.

"మీరు రేపు నాతో పుర్సాత్ ఆసుపత్రికి రావాలి" అంది రస్మెయ్. "వేరే మందుంది. అది ఇక్కడ లేదు, అక్కడే ఉంది. వారం పడుతుంది."

"రేపు హూత్ మేస్త్రీతో పోవాలి."

"ఒరేయ్, వాడు పొమ్మంటే చావులోకైనా పోతావా?" అంది నారోమ్. "చెప్పానుగా నీకు ఇదంతా. అలవాటు పడింది నువ్వు కాదురా."

"నాకు తెలీదా అక్కా?" అన్నాడు సారెత్. నత్తి లేకుండా, నెమ్మదిగా అన్నాడు. "నువ్వు చెప్పిన రోజే అర్థమైంది. పురుగు గట్టిది, నేను కాదు. కానీ రేపు నేను ఆగిపోతే అందరూ ఏమంటారు? కాగితం తప్పంటారా? సారెత్ తప్పంటారు. అంతమంది చప్పట్లు కొట్టాక ఇంట్లో దుప్పటి కప్పుకుని కూర్చోమంటావా?"

"కొట్టినవాళ్ళకి నేను చెబుతా."

"ఎప్పుడు?"

సావడికి జనాన్ని పిలవాలంటే ఊరిపెద్ద కావాలి. ఊరిపెద్ద పుర్సాత్‌లో పెళ్ళికి వెళ్ళాడు. అది నిజమే. కానీ ఇల్లిల్లూ తిరిగి చెప్పడానికి ఊరిపెద్ద అక్కర్లేదన్నదీ నిజమే. ఆ పూట ఆమె మూడిళ్ళు ఎక్కి దిగింది. మొదటింట్లో, తమ్ముడి మీద దిష్టి పడుతుందని నువ్వే ఇలా చెబుతున్నావులే అన్నారు. రెండో ఇంట్లో, అయితే పురుగుతో పాటు మనిషి కూడా గట్టిపడతాడు కదా అన్నారు. మూడో ఇల్లు యేత్ అవ్వది. అవ్వ ఓపిగ్గా అంతా విని, "మరి వాడికి సర్టిఫికెట్ ఎందుకిచ్చారే?" అంది. నాలుగో ఇంటి నిచ్చెన ఆమె ఎక్కలేదు.

రస్మెయ్ వెళ్ళేటప్పుడు ఒక మాట గట్టిగా చెప్పింది. "ఈ అట్టలు మాత్రం మళ్ళీ ఆయనకివ్వకండి పిన్నీ. ఇవి ఆ పురుగుని చంపవు. పక్కనున్న మెత్తటి పురుగుల్ని చంపి దానికే జాగా చేస్తాయి."

సరేనంది నారోమ్.

తెల్లారి హూత్ మనుషులు రేవు దగ్గర మూటలు సర్దుకుంటున్నారు. సన్నగా వాన. ఫల్లా అన్నం మూట, ఊరేసిన చేప డబ్బా కట్టి ఇచ్చింది. నారోమ్ చేతులు ఖాళీగా ఉన్నాయి. ఇన్నేళ్ళలో అడవికి పోయే ఏ మనిషినీ ఆమె ఒట్టి చేతులతో పంపలేదు. ముక్కూ మొహం తెలియని మైదానంవాడికి కూడా మాత్రలిచ్చి పంపింది. ఇప్పుడు తన వీపున పెరిగినవాడు. ఇంటికి పరిగెత్తి డబ్బా తెరిచి ఒక అట్ట తెచ్చి వాడి తువ్వాల్లో పెట్టి ముడేసింది.

"వద్దందిగా ఆ పిల్ల" అన్నాడు సారెత్.

"నోరుమూసుకుని దగ్గరుంచుకో."

వాడు నవ్వాడు. హూత్ మేస్త్రీ మిగతావాళ్ళతో, "ఇదిగో, అలవాటు పడ్డవాడు ముందు నడుస్తాడు, వాడి వెనక మీరు" అన్నాడు. సారెత్ ముందు నడిచాడు.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం వచ్చారు. ముందు మావ్ అనేవాడు, వెనక ఇద్దరు, ఇద్దరి భుజాల మీద కర్ర, కర్రకు వేలాడుతూ ఊయలగుడ్డ. మూడో కొండ దిగుతూండగా ఊపిరి పోయిందట. అంతకుముందు రెండు రోజులు స్పృహ లేదట. అప్పుడప్పుడు లేచి కూర్చుని ఎవరికో దండాలు పెట్టేవాడట.

హూత్ వాళ్ళ వెంట రాలేదు. లోయలో ఇంకా పని మిగిలి ఉందట.

నారోమ్ ఊయలగుడ్డ విప్పి తమ్ముడి ముఖం తుడిచింది. మెడలో తువ్వాలు ముడి ఖాళీగా ఉంది. మావ్ తల వంచుకుని చెప్పాడు. "నాకు నాలుగో రోజే జ్వరం తగిలింది పెద్దమ్మా. మాత్రలు నాకిచ్చేశాడు. సగం నేను మింగా, సగం ఇంకొకతనికిచ్చా. నీకో అంటే, నాకెందుకురా, నేను అలవాటు పడ్డవాణ్ణి, కాగితం కూడా ఉందిగా అన్నాడు."

"నవ్వుతూ అన్నాడా? మామూలుగా అన్నాడా?"

"వాన పడుతోంది పెద్దమ్మా. ముఖం చూడలేదు."

మావ్ అక్కడే నిలబడి వణుకుతున్నాడు. నారోమ్ లేచింది. నిచ్చెన ఎక్కి డబ్బా తెచ్చింది. తమ్ముడి శవం పక్కనే కూర్చుని మావ్ వేలు గుచ్చింది, కిట్ మీద ఒక చుక్క వేసింది. రస్మెయ్ వదిలివెళ్ళిన తెల్లకాగితం మీద మూడు చుక్కలు పెట్టి ఆరబెట్టింది. ఈగలు వాలకుండా విసురుతూ కూర్చుంది. తమ్ముడి ముఖం మీద వాలకుండానో, కాగితం మీద వాలకుండానో చూసినవాళ్ళకు తెలియలేదు.

నూరో రోజున సారెత్ పేర భిక్షువులకు అన్నం పెట్టారు. ఊరంతా వచ్చింది. హూత్ మేస్త్రీ కూడా వచ్చి, దండం పెట్టి, ఒక మూల కూర్చున్నాడు. భోజనాలయ్యాక ఊరిపెద్ద జేబులోంచి ఒక కాగితం తీశాడు. నాంపెన్ నుంచి ముందురోజే వచ్చిందట. కళ్ళజోడు ఈసారి తెచ్చుకున్నాడు. అయినా కాగితం నారోమ్‌కే ఇచ్చాడు.

నారోమ్ లేచి నిలబడింది. ముందు పైనున్న సన్నక్షరాలు చదివింది. గొంతు పెద్దది చేసి చదివింది.

"పరాన్నజీవికి. అంటే పురుక్కి. మనిషికి కాదు. మావ్. ఇరవై తొమ్మిదేళ్ళు. మావ్ రక్తంలో పురుక్కి, మందు అలవాటు ఉంది. రెండు మందులకీ ఉంది." కాగితం దించి అందరి వంకా చూసింది. "అందరూ వినండి. ఇది గొప్ప కాదు. ఇది సర్టిఫికెట్ కాదు. ఇది ఉన్నవాడు అడవికి కాదు, ఆసుపత్రికి పోవాలి. ఎవరూ చప్పట్లు కొట్టొద్దు."

ఎవరూ కొట్టలేదు. మావ్ తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. హూత్ మేస్త్రీ పళ్ళు కుట్టుకుంటున్నాడు. యేత్ అవ్వ మాత్రం, "ఎంత బాగా చెప్పిందమ్మా, ఇప్పుడర్థమైంది" అంది పక్కనున్నామెతో.

ఫల్లా మెట్ల దగ్గర కూర్చుని గిన్నెలు తోముతోంది. చేతులాపలేదు, తల ఎత్తలేదు.

"ఈ మాట ఆ రోజే చెప్పాల్సింది వదినా" అంది. "నువ్వు నవ్వావు."